తెల్లని పొరకు పుల్లని విరుగుడు

బోరు నీళ్లు కాచే స్టీలు గిన్నె అడుగున తెల్లని పొర పట్టడం మీరు చూసే ఉంటారు. అది చాలావరకు కాల్షియం కార్బొనేట్. సబ్బుతో ఎంత తోమినా వదలదు. కొంచెం వినెగర్ పోసి చూడండి, సన్నని బుడగలు లేస్తాయి. వినెగర్‌లో సుమారు 4 నుంచి 5 శాతం దాకా ఉండే ఎసిటిక్ ఆమ్లం ఆ పొరను నీటిలో కరిగే కాల్షియం ఎసిటేట్‌గా మారుస్తుంది. బుడగలుగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్.

ఉతికిన బట్టలు బిరుసెక్కడానికీ ఈ కఠిన జలం ఒక కారణం. సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టులా బట్టకు అంటుకుంటుంది. చివరిగా జాడించే బకెట్ నీళ్లలో అరకప్పు వినెగర్ కలిపితే అది కొంత వదులుతుంది.

మరి వంటసోడా కూడా కలిపితే? పొంగు చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తటస్థం చేసుకుంటాయి. తాండూరు బండలపై వినెగర్ పోయకండి. అవీ సున్నపురాయే, నునుపు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట వినెగర్ వాడకూడదు. ఆమ్లం తగిలితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇరుకు స్నానాలగదిలో ఇది ప్రాణాంతకం కావచ్చు. పొరపాటున కలిస్తే కడగాలని లోపలే నిలబడకండి, వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి.