పొయ్యి వెనక గోడ

పొయ్యి వెనక గోడ రోజూ కాగుతుంది, రోజూ చల్లారుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గ్యాస్ వచ్చినా జొన్న రొట్టెలకూ స్నానాల నీళ్లకూ కట్టెల పొయ్యి చాలా ఇళ్లలో ఇంకా వెలుగుతూనే ఉంది. దాని వెనక ఏం పూయాలన్నది అందం ఒక్కటే చూసి తేల్చే సంగతి కాదు.

పాత మట్టి మిద్దెల్లో పొయ్యిగడ్డ వెనక ఉండేది రాయీ మట్టీ కలిపి లేపిన మందపాటి గోడ. ఆ గోడ అంటుకోదు. అంటుకునేది దానిలోకి దిగిన దూలం కొస, పక్కనున్న తలుపు చట్రం, గూట్లోని చెక్క పలక. మామూలుగా కట్టె 250 నుంచి 300 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది. ఏళ్ల తరబడి వేడి తగిలి బొగ్గుబారిన కట్టె మాత్రం అంతకంటే చాలా తక్కువ వేడికే రాజుకోవచ్చు. అమెరికా అగ్ని భద్రతా ప్రమాణాలు కట్టెల స్టౌకూ కాలే గోడకూ మధ్య సాధారణంగా 36 అంగుళాల ఎడం అడుగుతాయి. మధ్యలో రేకు పెట్టి, దాని వెనక ఒక అంగుళం గాలి ఆడేలా వదిలితే ఆ దూరం తగ్గించుకోవచ్చు. రేకును గోడకు అతికించేస్తే ఫలితం ఉండదు.

మట్టి గోడకు మట్టి పూతే పొత్తు. జల్లించిన ఎర్రమన్నులో వరిపొట్టు కలిపి, రాత్రంతా నాననిచ్చి, కాళ్లతో తొక్కి, ముందు గరుకు పూత, అది ఆరాక పేడ కలిపిన పలుచని పూత వేస్తారు. ఎండలో గబగబా ఆరితే నెర్రెలిస్తుంది, నీడన ఆరాలి. నెర్రె పడినా బెంగ లేదు, గుప్పెడు బురదతో మూసుకుపోతుంది. సిమెంటు అలా కాదు. మట్టిని గట్టిగా పట్టుకోదు, వేడికి మట్టితో పాటు సాగదు, చివరికి పెచ్చులుగా లేస్తుంది.

బండ మేలనుకోవడమూ తొందరే. దక్షిణాది క్వారీల్లో గ్రానైటు మీద మంట పెట్టి పొరలు లేపడం పాత పద్ధతి. అదే రాయి మంట పక్కన చిట్లితే వింతేముంది? అందులోని స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది. టైల్స్ కాలవు గానీ వేడిని తమ వెనకనున్న దానికి చేరుస్తాయి, అక్కడ ప్లైవుడ్ ఉంటే అది మాడుతుంది. పీవీసీ పలకలైతే 80 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడతాయి. కట్టెల పొయ్యి దగ్గర వాటికి చోటే లేదు.

పూత పూర్తిగా ఆరాక మొదటి రోజు చితుకులతో చిన్న మంటే పెట్టాలి. తడి లోపలే ఉంటే ఆవిరై పూతను తోసేస్తుంది. తర్వాత సున్నం, అంచున జాజు పట్టీ. రెండూ మట్టి జాతివే కాబట్టి మంటకు తిండి కావు. ఆయిల్ పెయింటు అవుతుంది.