చెవిలోని రికాబు

గుర్రమెక్కేవాడు పాదం మోపే లోహపు వలయాన్ని అరబ్బీలోను, ఉర్దూలోను ‘రికాబు’ అంటారు. తెలుగులో అది అంకవన్నె. అటువంటి రికాబు ఒకటి మన చెవిలోనూ ఉన్నది. కర్ణభేరి వెనుక గొలుసుగా అమరిన మూడు ఎముకలలో అది చివరిది. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. శరీరంలోని ఎముకలన్నింటిలోను అదే చిన్నది. ఆకారాన్నిబట్టి ఐరోపా వైద్యులు దానికి లాటిన్‌లో ‘స్టేపిస్’ అని పేరు పెట్టారు. ప్రాచీన రోమన్ రౌతులు రికాబు ఎరుగరు. అందుచేత ఆ మాట మధ్యయుగపు లాటిన్‌లో పుట్టినది. ఆ ఎముకను పట్టి ఉంచే కండరమే ‘స్టెపీడియస్’. అరబ్బీ వైద్యులు కూడా దానిని ‘రికాబీ’ కండరమనే పిలుస్తారు.

సుమారు 6 మిల్లీమీటర్ల ఈ కండరం మన అస్థి కండరాలలో మిక్కిలి చిన్నది. పెద్ద శబ్దం సోకగానే అది బిగుసుకొని రికాబును వెనుకకు లాగుతుంది. లోపలి చెవికి చేరే అదురు తగ్గుతుంది. ముఖనాడి దెబ్బతిని మూతి వంకరపోయిన కొందరికి మామూలు శబ్దాలే భరింపరానివిగా తోచడానికి కారణం, ఆ నాడియే ఈ కండరాన్నీ నడిపించడం.

ఇక మన సీమ సంగతి. బేతంచెర్లలో, ఎర్రగుంట్లలో నాపరాతిని కోసే రంపాల నడుమ, పాలిష్ యంత్రాల నడుమ మన సోదరులెందరో పొద్దంతా పనిచేస్తారు. ఈ కావలి తమను కాపాడునని వారు నిశ్చింతగా ఉండరాదు. అది ప్రధానంగా బొంగురు శబ్దాలనే తగ్గించగలదు. రంపపు కీచుధ్వనిని అంతగా ఆపలేదు. మోత ఎడతెగక సాగితే అలసి సడలిపోతుంది. క్వారీలో తూటా పేలినప్పుడు అది బిగుసుకొనేలోపే దెబ్బ లోపలికి చేరిపోతుంది. లోపలి చెవిలో నశించిన సూక్ష్మకణాలు మనిషికి తిరిగి మొలవవు. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచగలదేగాని ఆ కణాలను తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి రంపం దగ్గర నిలిచే ప్రతివారూ చెవిబిరడాలో, చెవులను పూర్తిగా మూసే కవచాలో ధరించాలి. దూది వాటికి సాటి రాదు. పని ముగిసిన తరువాత చెవిలో హోరు వినిపించినా, ఇంట్లోవారి మాటలు మందంగా తోచినా చెవి వైద్యుని సంప్రదించాలి. టీవీ శబ్దం పెంచమని భర్త పదేపదే అడుగుతుంటే, మొదట గమనించవలసినది గృహిణియే.

మరొక విశేషం: మనం మాట్లాడబోయే ముందే ఈ కండరం బిగుసుకొంటుంది. మన కేక మన చెవికి కొంత మెత్తబడి చేరుతుంది; ఎదుటివారి చెవికి ఆ ముందస్తు రక్షణ లేదు. స్వరం తగ్గించుకొమ్మని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధను ఇంట్లో పిల్లలపై కేకలు వేసే వేళ మనం గుర్తు తెచ్చుకొందాం.