పొగ లేదు, వాసన లేదు.. మరి వేప్‌తో కడుపులో బిడ్డకు ముప్పేంటి?

"సిగరెట్ కాదు కదా, ఒట్టి ఆవిరే!" వేప్ తాగేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఇది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. మామిడి, పుదీనా ఫ్లేవర్లలో దొరుకుతుంది. పర్సులో పెట్టుకుని తిరిగినా ఇంట్లో ఎవరికీ తెలీదు. కానీ తల్లి పీల్చిన నికోటిన్ కడుపులోని బిడ్డ దాకా వెళ్తుంది.

అది నిజంగా ఆవిరేనా?

కాదు. వేప్‌లోని బ్యాటరీ ఒక చిన్న కాయిల్‌ను వేడి చేస్తుంది. ఆ వేడికి లోపలి లిక్విడ్ సన్నటి తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లిక్విడ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్లతో పాటు చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలు పుట్టొచ్చు. నికెల్, సీసం లాంటి లోహాలూ కలవొచ్చు. 'నికోటిన్ లేదు' అని రాసి ఉన్న కొన్నింటిని టెస్ట్ చేస్తే నికోటిన్ బయటపడింది. కాబట్టి డబ్బా మీద రాతను నమ్మలేం.

బిడ్డకు ఏమవుతుంది?

నికోటిన్ తల్లి రక్తంలో కలిసి, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. రక్తనాళాలు కుంచించుకుపోయి మాయకు రక్తం సరిగా అందకపోవచ్చు. అప్పుడు బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది. మెదడు, ఊపిరితిత్తులు తయారయ్యే దశలో నికోటిన్ వాటికి హాని చేస్తుంది. వేప్ వాడిన తల్లులకు తక్కువ బరువుతో పిల్లలు పుట్టడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది.

సిగరెట్ కంటే నయం కదా?

సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, తారు వేప్‌లో దాదాపు ఉండవు. అందుకే, సిగరెట్ మానలేకపోతున్న గర్భిణికి వేప్ తక్కువ హాని అని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. అక్కడున్న మనవాళ్లు ఫోన్లో ఇదే మాట చెప్పొచ్చు. అయితే అది సిగరెట్ తాగేవాళ్లకు చెప్పిన మాట. ఎప్పుడూ తాగని అమ్మాయి వేప్ మొదలుపెట్టొచ్చని దానర్థం కాదు.

కాన్పు తర్వాత?

నికోటిన్ తల్లిపాలలోకీ వస్తుంది. ఇంట్లో భర్తో, మరిదో వేప్ వదిలితే ఆ తుంపరను పసిబిడ్డా పీలుస్తుంది. ఇంకో ప్రమాదం లిక్విడ్ సీసా. తియ్యటి వాసన చూసి పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కొంచెం మింగినా వాంతులు, గుండెదడ, ఫిట్స్ రావొచ్చు. అలా జరిగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా దొంగచాటుగా దొరుకుతున్నాయి. అలా వచ్చే సరుకులో ఏముందో చెక్ చేసే దిక్కు లేదు.

దాచొద్దు

చెకప్‌లో "పొగాకు అలవాటు ఉందా?" అని డాక్టరమ్మ అడుగుతుంది. పక్కన అత్తగారు ఉంటే కోడలు అడ్డంగా తల ఊపేస్తుంది. ఆ ఒక్క అబద్ధంతో బిడ్డకు అందాల్సిన వైద్యం తప్పిపోవచ్చు. డాక్టరమ్మతో ఒంటరిగా మాట్లాడాలని అడగొచ్చు, అందులో తప్పేం లేదు. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌లు సొంతంగా వాడకూడదు, డాక్టర్ చెబితేనే వాడాలి. మానేందుకు సాయం కావాలంటే జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఇంట్లో తెలిస్తే ముందు తిట్లు మొదలవుతాయి. తిడితే అలవాటు పోదు, మరింత చాటుకు పోతుంది. భర్తకూ అదే అలవాటుంటే ఇద్దరూ కలిసి మానాలి. ఎన్నో నెలైనా సరే, మానిన రోజు నుంచే బిడ్డకు మేలు.