చూచినవారి మాటలలో భేదమేల?

ఒక సంఘటనను కన్నులార చూచినవారు పదుగురున్నచో పది కథలు పుట్టుట లోకమున నిత్యము కానవచ్చు విషయము. అట్టి సందర్భములలో జనులు సాధారణముగా రెండు నిర్ణయములలో నొకదానికి వత్తురు. సాక్షులలో కొందఱు బొంకుచున్నారనుట మొదటిది. సత్యము తెలియుట యసాధ్యమనుట రెండవది. రెండును తొందరపాటు నిర్ణయములే. మాటలు భేదించుట అసత్యమునకు గుఱుతు కాదు. మాటలు అక్షరాలా ఏకీభవించుట సత్యమునకును గుఱుతు కాదు. న్యాయస్థానములకును, గ్రామమున తగవులు తీర్చు పెద్దలకును, ఎన్నడో యొకనాడు సాక్ష్యము చెప్పవలసివచ్చు ప్రతి గృహస్థునకును ఈ విషయము తెలిసియుండుట యావశ్యకము.

దువ్వాడ రైల్వేస్టేషనును ఉదాహరణముగా గైకొందము. విశాఖపట్టణమునకు నైరృతి దిక్కున, హౌరా-చెన్నై మార్గమునందున్న యీ స్టేషనులో, విశాఖపట్టణము స్టేషనులోనికి పోయి ఇంజను దిశ మార్చుకొనుటవలని కాలహరణమును తప్పించుకొను దూరప్రయాణపు బండ్లు కొన్ని ఆగుచుండును. రాత్రివేళ నట్టి బండి కదలుచుండగా ఎక్కబోయిన ప్రయాణికు డొకడు పడిపోయెననుకొందము. వెనుకనున్నవాడు తోసెనని టీ అమ్మువాడు చెప్పును. అతడే కాలుజాఱి పడెనని కూలీ చెప్పును. పెట్టె అడ్డుతగిలెనని కిటికీకడ కూర్చున్నవాడు చెప్పును. బండి కదలకముందే పడెనని వంతెనమీద నిలిచినవాడు చెప్పును. వీరిలో నెవ్వరికిని పడినవానితో స్నేహముగాని వైరముగాని లేదు. మఱి భేదమెట్లు కలిగినది?

మొదటి కారణము, నిలిచిన చోటు. టీ అమ్మువానికి వీపులు మాత్రమే కనబడినవి. కిటికీకడనున్నవానికి పెట్టె కనబడినది. వంతెనమీదివానికి దూరమువలన బండి మెల్లని కదలిక తెలియలేదు. రెండవ కారణము, దృష్టి. కన్నులు తెఱచియున్నంతమాత్రమున సర్వమును చూచినట్లు కాదు. టీ అమ్మువాడు తనకు రావలసిన డబ్బును, కూలీ తన తలమీది మూటను చూచుకొనుచుండిరి. కేక విని తల త్రిప్పినవారే యెక్కువమంది. కేక వినబడునప్పటికి పడుట ముగిసినది. కావున వారు చూచినది ఫలమును మాత్రమే. కారణమును మనస్సు తరువాత చేర్చుకొనును. తొక్కిసలాటను ముందే గమనించినవానికి తోయుట తోచును. నేల తడిసియున్నదని యెఱిగినవానికి జాఱుట తోచును. చెప్పువాడు మాత్రము తాను చూచితిననియే మనఃపూర్వకముగా నమ్మును. మూడవ కారణము, తరువాత విన్న మాటలు. గుంపులో పావుగంట ముచ్చటించినపిమ్మట ఒకని కథ మఱియొకని జ్ఞాపకములో కలిసిపోవును. ఏది తన కన్ను చూచినదో, ఏది తన చెవి విన్నదో వేఱుచేయుట అతనికే దుస్తరము.

అడుగువాని మాటయు జ్ఞాపకమును మార్చును. అమెరికా దేశమున ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన పరీక్ష దీనికి నిదర్శనము. కార్లు ఢీకొను చలనచిత్రమును 150 మంది విద్యార్థులకు చూపి, కార్ల వేగమెంతయని 50 మందిని ‘తాకినప్పుడు’ అను మాటతోను, 50 మందిని ‘ధ్వంసమగునట్లు ఢీకొన్నప్పుడు’ అను మాటతోను అడిగిరి. తక్కిన 50 మందిని అడుగనే లేదు. వారము దినములకు పిమ్మట, పగిలిన గాజుముక్కలను చూచితిరాయని యందఱిని ప్రశ్నించిరి. చిత్రమున గాజుముక్కలు లేనేలేవు. అయినను కఠినమైన మాట విన్న 50 మందిలో 16 గురు చూచితిమనిరి. సౌమ్యమైన మాట విన్నవారిలో 7 గురును, వేగమును గూర్చి ప్రశ్నయే విననివారిలో 6 గురును అట్లనిరి. మన గ్రామములలో గట్టుతగవు వచ్చినప్పుడు “ముందు కఱ్ఱ యెత్తినవా డెవడు?” అని ప్రారంభించు పెద్దమనిషి, కఱ్ఱను తానే సాక్షి చేతికిచ్చుచున్నాడు.

గొప్ప విచారణలును ఈ చిక్కునకు లోబడినవే. 1912 ఏప్రిల్ 15వ తేదీ తెల్లవాఱుజామున టైటానిక్ నౌక మునిగెను. నౌక రెండుగా విఱిగెనని జాక్ థేయర్ అను యువ ప్రయాణికుడును మఱికొందఱును చెప్పిరి. విఱుగలేదని బ్రదికివచ్చిన ఉద్యోగులలో పెద్దయగు లైటోలర్ చెప్పెను. బ్రిటిషు విచారణసంఘము విఱుగలేదనియే నిశ్చయించెను. 1985లో సముద్రగర్భమున దొరకిన నౌక రెండు ముక్కలై యుండెను. వెన్నెల లేని రాత్రి, దీపములాఱిన సమయమున లైటోలర్ పొరబడుట వింత కాదు. వింత యేమనగా, విఱిగెనన్నవారి మాట డెబ్బదియేండ్లకు మించి త్రోసివేయబడియుండుట.

మన విశాఖ సముద్రమునందును ఇట్టి దొకటి కలదు. 1971 డిసెంబరు 3వ తేదీ దాటిన అర్ధరాత్రివేళ, పాకిస్తానుకు చెందిన ‘ఘాజీ’ అను జలాంతర్గామి రేవుకు వెలుపల 93 మందితో మునిగిపోయెను. పేలుడు శబ్దము పట్టణమునకు వినవచ్చెను. మన ‘రాజపుత్’ యుద్ధనౌక వదలిన ప్రేలుడు గుండ్లవలన మునిగెనని భారత నౌకాదళము ప్రకటించెను. శత్రువులవలన కాదు, లోపలి ప్రేలుడువలననో తాను పఱచిన మందుపాతరవలననో మునిగెనని పాకిస్తాను పక్షము చెప్పును. మన నౌకాదళమున పనిచేసిన కొందఱును లోపలి ప్రేలుడును గూర్చి వ్రాసియున్నారు. నీటి క్రింద, చీకటిలో జరిగినదానిని చూచినవా డెవ్వడును బ్రదికిలేడు. తక్కినవా రందఱును విన్నవారు, లేదా ఊహించినవారు. ప్రేలుడు నిశ్చయము, మునుగుట నిశ్చయము, మరణములు నిశ్చయము, భేదమంతయు కారణమునందే. దేశాభిమానము గలవాడును ఈ విభాగమును పాటించుటవలన దేశమునకు లోపమేమియు లేదు.

మన న్యాయశాస్త్రము ఈ విషయమును ఎఱుగకపోలేదు. ఇన్నిమంది సాక్షులుండవలయునను నియమము 1872 నాటి సాక్ష్య చట్టమునందు లేదు. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును లేదు. లెక్కించవలసినది తలలను కాదు, మాటల బరువును. సాక్షికి ఛాయాచిత్రమువంటి జ్ఞాపకముండునని యెదురుచూడరాదనియు, మూలమును తాకని చిన్న భేదములకు అతిప్రాధాన్య మీయరాదనియు సుప్రీంకోర్టు 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసున చెప్పెను. అయినను దీని రెండవ ముఖమును మఱువరాదు. అమెరికాలో డీఎన్ఏ పరీక్షవలన నిర్దోషులని తేలి విడుదలయైనవారి కేసులలో సగమునకు మించిన వానిలో, సాక్షులు మనిషిని గుర్తించుటలో పొరబడియుండిరి. ఆ సాక్షులలో పెక్కుమంది ధైర్యముగా, కన్నీటితో, నిజమనుకొనియే చెప్పిరి. సాక్షి ధైర్యమును సత్యముగా భావించినందున నిర్దోషులు ఏండ్లతరబడి చెఱసాలలలో మ్రగ్గిరి.

కావున సాక్ష్యము చెప్పవలసివచ్చువారు ఆనాడే, ఇరుగుపొరుగువారితో ముచ్చటింపకముందే, తాము చూచినదానిని వ్రాసికొనవలయును. ఎక్కడ నిలిచితిమో, ఎంత వెలుతురుండెనో, ఎంత దూరమో వ్రాయవలయును. చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేఱువేఱుగా నుంచవలయును. తెలియనిదానిని తెలియదనుటకు సిగ్గుపడరాదు. విచారించు పెద్దలు సాక్షులను ఒకచోట చేర్చక, ఒక్కొక్కరిని విడిగా పిలిచి, “ఏమి జరిగినది?” అనియే మొదట నడుగవలయును. మాటలన్నియు చిలుకపలుకులవలె నొక్కటిగానున్నచో, నేర్పినవా రెవ్వరైన కలరాయని విమర్శింపవలయును. భేదమున్నచో, ఎవ్వరెక్కడ నిలిచి చూచిరో తెలిసికొని పిమ్మట నిర్ణయింపవలయును. అబద్ధీకుడను పేరు పల్లెలో నొకసారి పడిన పిమ్మట తరములు దాటినను పోదు. నిజము చెప్పినవానిపై ఆ పేరు వేయకుండుటయు, తప్పు చేయనివానిని చెఱకు పంపకుండుటయు ఈ కొంచెపు ఓర్పుపైననే యాధారపడియున్నవి.