లోకల్ బండి ఎక్కబోయే కొత్త డ్రైవర్లకు: జీతమెంత, బత్తా ఎంత, గంటలెన్ని?

బెంగళూరులో సరుకుల బండ్లు నడిపేవారిలో హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు చాలామంది ఉన్నారు. యశవంతపురం మార్కెట్ యార్డులో గాని, కలాసిపాళ్యం లారీ ఆఫీసుల దగ్గర గాని కొంతసేపు నిలబడితే మన మాట చెవిన పడుతుంది. లైసెన్సు చేతికి వచ్చిన యువకుడికి ఇక్కడ పని దొరకడం కష్టం కాదు. దొరికిన పనికి వచ్చే జీతమెంత అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడమే కష్టం. యజమాని చెప్పే అంకె ఒకటి, నెలాఖరున చేతికందేది మరొకటి, పుస్తకంలో వ్రాసేది ఇంకొకటి. ఈ మూడింటికీ ఉన్న తేడాను పనిలో చేరకముందే తెలుసుకోవలెను.

ముందుగా లైన్ బండికీ లోకల్ బండికీ ఉన్న భేదం చూద్దాం. లైన్ లారీ డ్రైవరుకు దూరాన్ని బట్టి బత్తా వస్తుంది, రాబడిలో దాని వాటా పెద్దది. లోకల్ డ్రైవరు రాత్రికి ఇల్లు చేరతాడు గనుక బత్తా తక్కువ, నెల జీతమే ఆధారం. ఊరిలో మేనమామ లైన్ లారీపై సంపాదించిన మొత్తాన్ని మనసులో పెట్టుకొని లోకల్ బండి ఎక్కినవాడికి నిరాశ తప్పదు. ఇంటి అద్దె, పిల్లల బడి ఇక్కడే ఉన్నవారికి మాత్రం లోకల్ పనే మేలని నా అభిప్రాయం.

జీతం బండి పరిమాణాన్ని బట్టి కూడా మారుతుంది. బండి బరువు, సరుకు బరువు కలిపి 7,500 కిలోలు మించని వాహనాన్ని సాధారణ ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. నగరంలో తిరిగే చిన్న టెంపోలు ఈ పరిమితిలోనే ఉంటాయి. అందుకే వాటికి డ్రైవర్లు సులభంగా దొరుకుతారు, జీతాలూ కింది మెట్టు మీదనే ఉంటాయి. అంతకు మించిన లారీకి రవాణా లైసెన్సు కావాలి. దాని కొరకు ఇరవై ఏళ్లు నిండి ఉండవలెను, ఎల్ఎంవీ లైసెన్సు పొంది కనీసం ఒక ఏడాది గడచి ఉండవలెను. ఆ ఏడాదిని వృథా చేయక పెద్ద బండికి సిద్ధపడేవారికి ముందుముందు మంచి జీతం అడిగే వీలుంటుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక యజమాని నెలకు 18,000 రూపాయలు ఇస్తానన్నాడని అనుకుందాం. వినడానికి బాగానే ఉన్నది. పని మాత్రం ఉదయం ఆరు నుండి సాయంత్రం ఐదు వరకు, అంటే 11 గంటలు. పెద్ద బండ్లకు రద్దీ వేళల్లో నగరంలో ఆంక్షలు ఉంటాయి గనుక, సరుకు దించడానికి గోదాముల ముందు వరుసలు ఉంటాయి గనుక, ఈ గంటల్లో సగం నిరీక్షణలోనే గడచిపోవచ్చు. “బండి నడపలేదు కదా, కూర్చున్నావు కదా” అని కొందరు యజమానులు వాదిస్తారు. కాని పనిగంటలంటే డ్రైవరు యజమాని ఆధీనంలో ఉన్న సమయమని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే నిర్వచించింది. రోజుకు 8 గంటలు పని, అదనపు గంటకు రెట్టింపు వేతనం అన్న సూత్రం ఆ చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఉన్నది.

ఆ సూత్రం ప్రకారం 11 గంటల రోజును విడదీస్తే, 8 మామూలు గంటలకు 3 రెట్టింపు గంటలు చేరి 14 గంటల వేతనం అవుతుంది. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే 364 గంటలు. 18,000ను దానితో భాగిస్తే గంటకు సుమారు 49 రూపాయల 45 పైసలు. అదే రేటున రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులకు లెక్కిస్తే వచ్చేది దాదాపు 10,286 రూపాయలే. మీకు ఇస్తానన్న జీతం నిజానికి ఇది. కర్ణాటక కార్మిక శాఖ వృత్తుల వారీగా, మండలాల వారీగా కనీస వేతనాల పట్టిక ప్రకటిస్తుంది. కరవు భత్యం పెరిగిన కొద్దీ ఏటా ఏప్రిల్‌లో ఆ అంకెలు మారుతాయి. మీరు పోల్చి చూడవలసినది ఆ పట్టికలోని డ్రైవరు వేతనాన్ని ఈ చిన్న అంకెతో, యజమాని చెప్పిన పెద్ద అంకెతో కాదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. మనం జీతమంటే నెల వేతనం. కన్నడంలో ‘జీత’ అంటే వెట్టిచాకిరి. కచేరీలో “నాకు జీతం ఇవ్వలేదు” అని చెబితే ఎదుటివారు మరొక విధంగా గ్రహించే ప్రమాదం ఉన్నది గనుక ‘సంబళ’ అనవలెను, బత్తాను ‘భత్యె’ అనవలెను. అయితే ఆ రెండు అర్థాలూ ఒకచోట కలిసే సందర్భం కూడా లేకపోలేదు. పెద్ద మొత్తం అడ్వాన్సుగా ఇచ్చి, అది తీరేదాకా కదలరాదని అసలు లైసెన్సు కాగితాన్ని తమ దగ్గర ఉంచుకునే యజమానులు ఉన్నారు. అప్పు పేరిట మనిషిని పనికి కట్టివేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నిషేధించింది. అడ్వాన్సు ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిది. లైసెన్సు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వరాదు.

బత్తా విషయానికి వస్తే, ఒక యువకుడు కన్నడంలో ఉన్న నియామక పత్రం చదివి చెప్పమని నా వద్దకు తెచ్చాడు. నోటిమాటగా అతనికి చెప్పినది 20,000. పత్రంలో జీతం 8,000, తక్కినదంతా బత్తా. “మొత్తం అంతే వస్తుంది కదండీ, తేడా ఏమిటి?” అని అడిగాడు. నెల నెలా తేడా కనబడదు నిజమే. ప్రమాదం జరిగిన రోజున కనబడుతుంది.

పనిలో మరణించిన కార్మికుని కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి లెక్కిస్తారు. ముప్పై ఏళ్ల వానికి గుణకం 207.98. వేతనం 8,000 అని వ్రాసి ఉంటే పరిహారం 8,31,920 రూపాయలు. ఈ లెక్కకు 2020 జనవరి నుండి ఉన్న గరిష్ఠ పరిమితి 15,000. అంత వేతనమని వ్రాసి ఉంటే 15,59,850. ఒక్క గీత కింద వ్రాసిన అంకె వలన భార్యాబిడ్డలకు ఏడు లక్షలకు పైగా తేడా. బత్తాను కూడా వేతనంగా లెక్కించమని వాదించవచ్చు గాని, రుజువులు వెదకుతూ కార్యాలయాల చుట్టూ తిరగవలసినది ఆ ఇల్లాలే. కొత్త వేతన కోడ్‌లో ఇందుకు కొంత మందు ఉన్నది. మొత్తం చెల్లింపులో భత్యాలు సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలోనే కలపవలెను. పై యువకుని విషయంలో 20,000లో సగం 10,000 గనుక, వేతనం 8,000 కాదు, కనీసం 10,000గా లెక్కకు రావలెను.

నెలకు 21,000 వరకు వేతనం ఉండి, సంస్థలో పదిమందికి తక్కువ కాకుండా పనివారు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. అందుకు మీ వేతనంలో కోసేది 0.75 శాతం మాత్రమే, యజమాని వాటా 3.25 శాతం. పరిహారం అప్పుడు ఈఎస్ఐ నుండి వస్తుంది. ఆ లెక్కకూ ఆధారం వేతనమే.

కోతల సంగతి కూడా ముందే తేల్చుకోవలెను. గీతపడిన బంపరు, పగిలిన పెట్టె, డీజిల్ తరుగు, పోలీసు చలానా, అన్నీ డ్రైవరు ఖాతాలో వేసే అలవాటు చాలాచోట్ల ఉన్నది. నష్టం మీ నిర్లక్ష్యం వలన జరిగినదై ఉండవలెను, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం మీకు ఇవ్వవలెను. అప్పుడే కోత చెల్లుతుంది. అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటరాదు. అధిక బరువు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరో 2,000. అంటే ఒక్క పట్టివేతతో నెల సంపాదన పోతుంది. ఎక్కువ సరుకు ఎక్కించమన్నది యజమాని అయితే ఆ మాట వాట్సాప్‌లోనైనా వ్రాయించుకోవలెను.

నెల వేతనం తరువాతి నెల 7వ తేదీ లోపల అందవలెను. పని మానినా, మాన్పించినా బాకీ రెండు పనిదినాల్లో చెల్లించవలెను. చెల్లించకపోతే మూడేళ్ల లోపల కోరవచ్చు. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో ఫిర్యాదు స్వీకరిస్తారు, కార్మిక శాఖ సహాయవాణి 155214. వెళ్లేటప్పుడు వేతన చీటీ ఉంటే అది, లేకుంటే బ్యాంకు పాసుపుస్తకం, ట్రిప్పు షీట్ల ఫోటోలు, బండి ఎక్కిన వేళ, దిగిన వేళ రోజువారీగా వ్రాసుకున్న చిన్న నోటుపుస్తకం తీసుకొని వెళ్లండి.