కష్టాల్లో ఉన్న దేశానికి కొండలు చూడ్డానికి వెళ్లొచ్చా?

శ్రీలంక నడిబొడ్డున, సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన, హోర్టన్ ప్లెయిన్స్ అనే జాతీయ పార్కు ఉంది. పొగమంచు, గడ్డిమైదానం, సాంబార్ దుప్పులు, గాలికి వంగిన పొట్టి చెట్లు. 'వరల్డ్స్ ఎండ్' దగ్గర నేల ఒక్కసారిగా 800 మీటర్లకు పైగా లోయలోకి తెగిపోతుంది. మహావెలి, కెలణి, వలవె నదుల నీళ్లు ఈ ఎత్తుల్లోనే పుడతాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ఆ దేశం చేతులెత్తేసినప్పుడు, జనం పెట్రోలు బంకుల ముందు బారులు తీరి ఉంటే మనం విహారానికి వెళ్లడమేమిటని చాలామంది వెనకాడారు. ఆ సంకోచం వెనక మంచి మనసే ఉంది. కానీ లెక్క వేరు. అక్కడ కరువైంది డాలర్లు. అవి లేకే మందులు, వంటగ్యాస్, డీజిల్ దిగుమతి కాలేదు. 2018లో 23 లక్షల మంది యాత్రికులు ఆ దేశానికి 400 కోట్ల డాలర్లకు పైగా తెచ్చారు. 2019 ఈస్టర్ నాటి బాంబు దాడులు, ఆపైన కొవిడ్ దెబ్బకు 2021లో వచ్చినవాళ్లు 2 లక్షల లోపే. యాత్రికుడు మానుకుంటే మొదట తగ్గేది ఆ డాలర్లే.

యాత్రికులు వెళ్తే ఉన్న కాస్త ఇంధనం కూడా వాళ్లకే పోదా? 2022 జూన్ చివరి నుంచి కొద్ది వారాలు అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ పెట్రోలు అమ్మలేదు. ఆ రోజుల్లో కారు కట్టించుకుని తిరగడం నిస్సందేహంగా తప్పే. తర్వాత క్యూఆర్ కోడ్‌తో వారానికింత అని పంచడం మొదలయ్యాక పరిస్థితి కుదుటపడింది. పైగా కొలంబో నుంచి బదుల్లా దాకా కొండల మీదుగా రైలు మార్గముంది. హోర్టన్ ప్లెయిన్స్‌కు దగ్గరి స్టేషన్లు పట్టిపొల, ఓహియా ఆ దారిలోనివే.

అసలు బలమైన అభ్యంతరం ఇంకొకటి: డబ్బంతా పెద్ద హోటళ్లకే పోతుంది, పేదవాడికి దక్కదని. ఇది చాలావరకు నిజం. ఫొటోల్లో అంత అందంగా కనిపించే తేయాకు తోటల్లో ఆకు కోసే తమిళ కూలీలకు 2021లో ఖరారైన రోజుకూలి 1,000 శ్రీలంక రూపాయలు. మరుసటి ఏడాది ధరల పెరుగుదల 70 శాతం దాకా పోయింది. ఆ కూలి విలువ ఏమైందో ఊహించుకోవచ్చు. 2021లో రసాయన ఎరువులపై పెట్టిన నిషేధం తేయాకు దిగుబడినీ దెబ్బతీసింది. తోటల్లో బతికేవాళ్లలో సగానికి పైగా పేదరికంలోకి జారారు. అయితే మనం వెళ్లకపోతే వాళ్ల కూలి పెరగదు. వెళ్లి ఎవరి ఇంట బస చేశాం, ఎవరి చేతి అన్నం తిన్నాం, దారి చూపడానికి ఎవరిని పిలిచాం అన్నదే తేడా తెస్తుంది.

అడవికీ ఇందులో వాటా ఉంది. గ్యాస్ దొరకని రోజుల్లో జనం కట్టెపొయ్యిలకు మళ్లారు. కట్టె ఎక్కడో చోట నరకాల్సిందే. అలాంటప్పుడు అడవికి కాపలా ఇంకా అవసరం. విదేశీయుల దగ్గర ఎక్కువ టికెట్ వసూలు చేస్తారని విసుక్కునేవాళ్లు, పార్కును కాపాడే శాఖకు డబ్బు కావాలని గుర్తుంచుకోవాలి. ఇక చవక సంగతి. 2022లో 200 దగ్గరున్న డాలరు కొద్ది నెలల్లోనే 360 శ్రీలంక రూపాయలకు చేరింది. యాత్రికుడికి అన్నీ చవగ్గా దొరికింది అక్కడివాళ్ల జేబులు అంతగా చిక్కిపోయినందుకే. కాబట్టి వెళ్లండి, కానీ వ్యాన్ డ్రైవరుతో, వంటావిడతో, గైడుతో బేరమాడకండి. అడిగింది ఇవ్వండి.