ఒక్కరికి వ్రాసిన అక్షరం

ఉత్తరం సాహిత్యమా అని అడిగితే పండితులు తల పంకించవచ్చు. మన అలంకారశాస్త్రం దానికంటూ ఒక పీట వేయలేదు. అయినప్పటికీ, తెలుగు వచనం ఇంత సహజంగా నడవగలదా అని ఆశ్చర్యపరిచే పుటలలో కొన్ని, గ్రంథం వ్రాయాలన్న సంకల్పంతో వ్రాసినవి కావు. ఎవరో ఒక్కరిని పేరు పెట్టి పిలిచి, ఆ ఒక్కరి కోసమే వ్రాసినవి.

సూరి నాగమ్మగారి సంగతే చూడండి. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో జన్మించిన ఆమె చిన్ననాడే తల్లిదండ్రులను, పిమ్మట భర్తను పోగొట్టుకొన్నారు. బడికి పోయి చదివిన చదువు లేదు. ఇంటివద్ద అబ్బిన తెలుగే ఆమె ఆస్తి. 1941లో ఆమె తిరువణ్ణామలై చేరారు. మహర్షి సన్నిధిలో జరిగే విశేషాలను అప్పుడప్పుడు వ్రాయరాదా అని దూరాన ఉన్న సోదరుడు డి. ఎస్. శాస్త్రిగారు కోరారు. అందుకు జవాబుగా 1945 నవంబరులో మొదలైన లేఖలు 1950 వరకు సాగి, రెండు వందలు దాటినవి. అవే "శ్రీ రమణాశ్రమ లేఖలు"గా వెలువడినవి. శాస్త్రిగారి చేతిమీదుగానే ఆంగ్లంలోకీ వెళ్లినవి.

గ్రంథం వ్రాయమని అడిగి ఉంటే ఆమె కలం పట్టేవారా? సందేహమే. పట్టినా, వేదాంత గ్రంథమనే భయంతో భాష బిగుసుకొని ఉండేదేమో. తోబుట్టువుకు వ్రాయడంలో ఆ భయం లేదు. అందుకే లక్ష్మి అనే ఆవు, తెల్ల నెమలి, ఉడుతలు, ఎవరో అమాయకంగా వేసిన ప్రశ్న, దానికి మహర్షి చెప్పిన సమాధానం, ఇవన్నీ ఒకే పంక్తిలో కూర్చొన్నవి. తాను చూచినది అక్కడ లేనివానికి చూపించాలి. ఈ ఒక్క తపనే ఆమెకు రచన నేర్పిన గురువు. ఆ కాగితాలు అందుకొన్నవారు వాటిని చదివి పారవేయక దాచడం మన అదృష్టం. ఉత్తరం వ్రాసినవారి వద్ద ఉండదు. దాని ఆయుర్దాయం ఎప్పుడూ మరొకరి పెట్టెలోనే ఉన్నది.

చలం చింతా దీక్షితులుగారికి వ్రాసినవి, సంజీవదేవ్ తుమ్మపూడి నుండి మిత్రులకు వ్రాసినవి కూడా ఇలాగే పుస్తకాలైనవి. గోపీచంద్ మరొక అడుగు ముందుకు వేసి, తన తాత్త్విక చింతనకు "పోస్టు చేయని ఉత్తరాలు" అని పేరు పెట్టారు. పోస్టు చేయకపోయినా సరే, ఎదుట ఒక మనిషి ఉన్నట్లు భావించుకొంటే తప్ప ఆలోచన కదలదని కాబోలు!

చేతివ్రాతకు మరొక గుణం కలదు. దస్తూరి దాపరికం ఎరుగదు. తొందరలో వ్రాసిన పంక్తి వాలుతుంది. సంకోచించిన మాట కొట్టివేత క్రింద నుండి తొంగిచూస్తుంది. "ఉభయకుశలోపరి" అన్న పడికట్టు మాట కూడా వృథా కాదు. ఏమి వ్రాయాలో తోచని చేతికి అది చేయూత. ఆ మాట పూర్తయ్యేలోగా అసలు సంగతి దానంతటదే వస్తుంది. నాలుగు మూలలా పసుపు పూసిన ఉత్తరమైతే, విప్పకముందే శుభవార్త చెప్పేది.

ఇదంతా గతించిన వైభవమేనా? మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసినది. డెన్మార్కు ప్రభుత్వ తపాలా నాలుగు శతాబ్దాల చరిత్రను ప్రక్కన పెట్టి, 2025 డిసెంబరుతో ఉత్తరాల బట్వాడా చాలించుకొన్నది. మన తపాలాశాఖ మాత్రం 2017 నుండి "ఢాయీ ఆఖర్" అనే లేఖారచన పోటీ నడిపినది. ఆ పేరు కబీరు దోహాలోని రెండున్నర అక్షరాల మాట. 2024-25లో ఇచ్చిన విషయం, డిజిటల్ యుగంలో ఉత్తరాల ప్రాముఖ్యం, వ్రాయడంలోని ఆనందం. చేతితోనే వ్రాయాలి, ప్రాంతీయ భాషలో వ్రాయవచ్చు, ఇన్లాండు కవరులో 500 మాటలు, కవరులో పెట్టే కాగితం మీద 1000 మాటలు మించరాదు.

బహుమతి కోసం, చీఫ్ పోస్టుమాస్టరు జనరలు పేర పంపే కాగితం ఉత్తరమవుతుందా అని ఎవరైనా ఆక్షేపిస్తే కాదనడం కష్టం. న్యాయనిర్ణేత తోబుట్టువు కాడు. కాని జన్మలో ఒక్క ఉత్తరమైనా వ్రాయని విద్యార్థి కలం పట్టి, మొదటి పంక్తిలో ఎవరిని ఎలా సంబోధించాలా అని ఒక నిమిషం ఆగితే, ఆ నిమిషం పోటీది కాదు, వానిదే. రెండవ ఉత్తరం అమ్మమ్మకు వ్రాస్తాడేమో ఎవరు చెప్పగలరు?

1950లో మన దేశంలో ప్రవేశించిన ఇన్లాండు కవరుకు ఒక చిత్రమైన సౌలభ్యం ఉన్నది. లోపలి పుట నిండిన తరువాత కూడా, జిగురు అంటే అంచును తప్పించి, మడత మీద ఒక చిన్న జాగా మిగులుతుంది. కుశలప్రశ్నలు, పంటలు, పెళ్లిళ్లు అన్నీ వ్రాసి సంతకం చేసిన చేయి ఆ జాగా చూచి మళ్లీ కలం ఎత్తుతుంది. "వ్రాయడం మరచితిని" అని మొదలవుతుంది అక్కడి వాక్యం. తీరా చూస్తే, ఉత్తరం మొత్తం ఆ వాక్యం కోసమే వ్రాసినట్లుంటుంది.